అమ్మదలచిన ఇల్లు - చలువకు, వేడినీటికి వ్యయ ప్రణాళిక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత మనకందరకును తెలిసినదే. కట్టిన ఇంటిని ముప్పది, నలుబది ఏండ్లకు మరల బాగుచేయించి తగిన ధరకు అమ్మవలసి వచ్చినప్పుడు పడు శ్రమను గూర్చి మాత్రము మన పెద్దలు ఏ సామెతయు చెప్పిపోలేదు. వారి కాలమున ఇల్లు అమ్ముకొనుట అరుదు. నేడు అట్లు కాదు. పిల్లలు ఉద్యోగరీత్యా బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడుదురు. తలిదండ్రులు మెట్లెక్కలేని వయస్సున చిన్న ఫ్లాటునకు మారగోరుదురు. అన్నదమ్ములు పంచుకొనుటకు వీలుకాని ఇంటిని అమ్మి సొమ్ము పంచుకొందురు. ఇట్టి సందర్భములలో అమ్మకమునకు ముందు ఇంటికి కొంత సొమ్ము పెట్టి బాగుచేయించుట పరిపాటి అయినది. ఆ సొమ్ములో చలువ కొరకు, వేడినీటి కొరకు ఎంత కేటాయింపవలెను? దానిని ఎచ్చట ఖర్చు పెట్టవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ప్రశ్న చిన్నదిగా తోచును. కాని మనము పద్దు వ్రాయు తీరును గమనింపుడు. కాగితముపై మొదట రంగులు వ్రాయుదురు. తరువాత నేలకు పలకలు, వంటింటి గట్టు, తలుపులకు పాలిషు. ఇవన్నియు పోగా మిగిలిన సొమ్ముతో ఒక ఏ.సి. యంత్రమును, ఒక గీజరును కొని తగిలింతురు. సొమ్ము మిగులకున్నచో పాతవానినే తుడిచి ఉంచుదురు. నా మనవి యేమనగా, ఈ వరుసను తలక్రిందులు చేయవలెను. చలువ పద్దును అన్నింటికంటె ముందు వ్రాయవలెను. ఆ పద్దులోను యంత్రమును చివర వ్రాయవలెను. మొదట ఇంటి కప్పు, పిదప విద్యుత్తు తీగలు, అటుపిమ్మట నీరు పోవు గొట్టములు, కడపట యంత్రము - ఇది వరుస. ఏల ఇట్లు వ్రాయవలెనో వివరించెదను.

అంతకుముందు ఒక ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెను. మీ ఇంటిని కొనువారు అందు కాపురముండుటకు కొనుచున్నారా, లేక స్థలము కొరకు కొనుచున్నారా? హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో మంచి వీధిలోనున్న పాత డాబా ఇంటిని అనేకులు స్థలపు వెలకే కొని, పడగొట్టి, అపార్టుమెంటు కట్టుదురు. అట్టివారికి మీరు పూయించిన కప్పుగాని, మార్పించిన తీగలుగాని ఒక్క రూపాయి విలువ చేయవు. ఆ ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే యగును. కావున మీ వీధిలో గడచిన రెండు మూడు సంవత్సరములలో అమ్ముడయిన ఇండ్లు ఏమయినవో విచారింపుడు. వానిలో సంసారములు కాపురమున్నచో పద్దు వ్రాయుడు. వాని స్థానమున అపార్టుమెంట్లు లేచినచో ఉన్న ఇంటిని ఉన్నట్లే అమ్ముట మేలు. ఫ్లాటుల విషయమున ఈ సందేహము లేదు. కొనువారు అందు నివసించుటకో, అద్దెకిచ్చుటకో కొందురు.

అమెరికాలో నివసించు మన తెలుగువారు ఈ విషయమును వేరు విధముగా చూతురు. అచ్చట ఇంటినంతటిని వెచ్చపరచు కొలిమియు, చల్లపరచు యంత్రమును సాధారణముగా ఇంటిలో అంతర్భాగములే. గాలిని కొనిపోవు గొట్టములు గోడలలోను, నేలక్రిందను, అటుకమీదను వ్యాపించియుండును. ఇల్లు అమ్మువారు వానిని ఊడదీసికొని పోరు. కొనువారు తమ తరఫున ఒక తనిఖీదారుని పంపి, కొలిమి వయస్సెంత, దానిలో పగుళ్లు కలవా, యంత్రములో ఏ వాయువున్నది అని పరీక్ష చేయింతురు. అందుచే అచ్చటి పద్దులో యంత్రమే పెద్ద అంకె.

మన యొద్ద పరిస్థితి వేరు. ఆదిలాబాదు వైపునను, అరకు లోయలోను కొన్ని రాత్రులు తప్ప మనకు గదిని వెచ్చపరచు అవసరము కలుగదు. మనకు కావలసిన వేడి స్నానపు గదిలోని నీళ్లకే. చలువ యంత్రమన్ననో, గదికొకటి చొప్పున గోడకు మరలతో బిగించినది. ఇల్లు మారునప్పుడు దానిని మంచములతోపాటు, బీరువాలతోపాటు బండి కెక్కింతుము. కావున మన దేశమున ఇల్లు అమ్మువారు నిజమునకు అమ్మునది యంత్రమును కాదు, చల్లబడుటకు ఇంటికి గల యోగ్యతను. ఆ యోగ్యత కప్పులోను, గోడలలోను, తీగలలోను ఉన్నది. యంత్రమును కొనువారు తమకు నచ్చినది తామే తెచ్చుకొనగలరు. తీగలను మార్పవలెనన్నచో క్రొత్తగా రంగు వేసిన గోడలను వారు పగులగొట్టవలసి వచ్చును.

మొదట కప్పు సంగతి. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతమున సూర్యుడు మధ్యాహ్నవేళ దాదాపు నడినెత్తికి వచ్చును. గోడలకంటె డాబాపైననే ఎండ తీక్ష్ణముగా పడును. కాంక్రీటు కప్పు పగలెల్ల ఆ వేడిని త్రాగి, ప్రొద్దుగ్రుంకిన పిదప మెల్లమెల్లగా గదిలోనికి విడుచును. అర్ధరాత్రి పంకా వేసినను వేడిగాలియే దిగివచ్చుటకు కారణమిదియే. మన పూర్వులు పెంకుటిండ్లలో ఎత్తైన కప్పును, దాని క్రింద అటుకను ఏర్పరచియు, మండువా లోగిళ్లలో గాలికి దారి వదలియు, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లియు ఈ వేడిని వారించిరి. డాబా ఇంటికి ఆ సౌకర్యములు లేవు. దానికి తగిన మందు తెల్లదనము. తెల్లని తలము ఎండను వెనుకకు త్రిప్పి పంపును. నల్లని తలము మ్రింగును. సున్నపు పూత, తెల్లని పింగాణి పెంకుల పరపు, ఎండను ప్రతిఫలింపజేయు ప్రత్యేకపు రంగులు - వీనిలో ఏదైనను పనిచేయును. సున్నము అన్నింటికంటె చౌక. కాని వానలకు కొట్టుకొనిపోవును గనుక ఏటేట వేయవలెను. పింగాణి పెంకులకు ఖర్చు హెచ్చు; కాని అవి పెక్కేండ్లు నిలుచును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువ కప్పులను గూర్చి ప్రత్యేక విధానమునే ప్రకటించినది.

పూతకు ముందు కప్పుమీది బీటలను పూడ్పించి, వాననీరు నిలువకుండ వాలు సరిచేయింపవలెను. తేమ ఊరుచున్న కప్పుపై ఎంత మంచి రంగైనను పొరలుగా లేచిపోవును. పడమటి కిటికీలకు సజ్జలు లేనిచో వెలుపలివైపున వెదురు తెరలనైనను ఏర్పాటుచేయుడు. ఎండ అద్దము దాటి లోనికి వచ్చిన పిదప లోపలి తెరతో అడ్డగించుట కంటె వెలుపలనే ఆపుట మేలు. పై అంతస్తు ఫ్లాటువారు డాబా అందరి సొత్తు గనుక అపార్టుమెంటు సంఘము అనుమతి తీసికొని ఈ పని చేయింపవలెను. క్రింది అంతస్తులవారికి ఈ ఖర్చే లేదు; ఆ సొమ్మును తీగలకు మార్చుకొనవచ్చును. మే నెలలో మధ్యాహ్నము మూడు గంటలవేళ ఇల్లు చూడవచ్చిన దంపతులు గోడ రంగు కంటె ముందు గదిలోని వేడిమినే గ్రహింతురు. కప్పునకు పెట్టిన ఖర్చునకు ఫలితము ఆ నిమిషముననే కనబడును.

ఇక తీగల సంగతి. ఈ పద్దులో మనుష్యుల ప్రాణములతో సంబంధించిన అంశములలో ఇది మొదటిది. 1985 ప్రాంతమున కట్టిన ఒక ఇంటిని ఊహింపుడు. ఆనాడు అందు పది దీపములు, నాలుగు పంకాలు, ఒక రేడియో, ఒక ఫ్రిజ్ ఉండెననుకొందము. తీగలు ఆ భారమునకు సరిపోవునట్లు వేసినవే. నేడు ఆ ఇంటిలో ఏమి నడువగోరుదుమో లెక్కవేయుదము. టన్నున్నర ఏ.సి. యంత్రము పూర్తి శక్తితో పనిచేయునప్పుడు సుమారు 1,600 వాట్లు తీసికొనును. అట్టివి రెండైన 3,200. గీజరునకు 2,000. నీళ్ల మోటారునకు సుమారు 1,000. మొత్తము 6,200 వాట్లు. 230 వోల్టుల వద్ద ఇది దాదాపు 27 ఆంపియర్ల ప్రవాహము. దీపములు, పంకాలు దీనికి అదనము.

ఇచ్చట ఒక భౌతిక సూత్రమును గుర్తుంచుకొనవలెను. తీగలో ప్రవాహము రెండింతలైనచో అందు పుట్టు వేడి రెండింతలు కాదు, నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలగును. పాత ఇండ్లలో అల్యూమినియం తీగలుండుట కలదు. వాని అతుకులు కాలక్రమమున వదులై, అచ్చటనే మొదట వేడెక్కును. గోడలోపల జరుగు ఈ పని పైకి కనబడదు. మొదట స్విచ్చి పలక గోధుమరంగునకు తిరుగును. కాలిన వాసన వచ్చును. ఒకనాటి రాత్రి ఇంటిల్లిపాదియు నిద్రించుచుండగా నిప్పంటుకొనును. క్రొత్త రంగు వేసినందున పాత తీగ క్రొత్తది కాదు. పైగా ఆ రంగు హెచ్చరికను కప్పిపుచ్చును.

కావున ప్రతి ఏ.సి. స్థానమునకును, ప్రతి గీజరునకును పంపిణీ పెట్టె నుండి నేరుగా వేరు తీగ వేయింపవలెను. ఇందుకు సాధారణముగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వాడుదురు. దానికి తగిన ఎం.సి.బి., సరియైన ఎర్తింగు, విద్యుత్తు దారితప్పి కారినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల లోపుననే ప్రవాహమును త్రెంచు ఆర్.సి.సి.బి. ఉండవలెను. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోవుచున్నదని, తీగ మార్చకయే అంతకంటె పెద్దదానిని బిగించు అలవాటు కొందరు పనివారిలో కలదు. అది కావలివానికి మత్తుమందు పెట్టి నిద్రపుచ్చుట వంటిది. విద్యుత్ పంపిణీ సంస్థతో మీ ఇంటికి ఒప్పందమైన భారమెంతయో బిల్లుపై చూచుకొని, చాలనిచో దానిని పెంచుటకు దరఖాస్తు చేయుడు. ఆ రుసుమును కూడ పద్దులో చేర్పవలెను. ఈ పనియంతయు గోడ పూతకు, రంగులకు ముందే ముగియవలెను. అందుకే చలువ పద్దు ముందు వ్రాయుమంటిని. రంగు వేసిన పిదప గోడ చీల్చినచో ఆ రంగు ఖర్చు రెండుమారులు పడును.

ఇందు న్యాయమునకు సంబంధించిన మాట కూడ కలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలో అమ్మువారికి తెలిసియున్న ముఖ్యలోపమేదైన కలదేని, కొనువారు సామాన్యమగు జాగ్రత్తతో చూచినను దానిని కనుగొనజాలనిచో, అమ్మువారు దానిని వారికి తెలియజేయవలెను. గోడలోని కాలిన తీగ అట్టి లోపమే యని చెప్పవచ్చును. మార్పించుటకు సొమ్ము చాలనిచో ఆ సంగతి చెప్పి, వెలలో తగ్గింపు ఇచ్చుట ధర్మము. దాచిపెట్టి రంగు వేయుట ధర్మము కాదు.

మూడవది, గొట్టములు. ఏ.సి. యంత్రమునకు లోపలి భాగము, వెలుపలి భాగము అని రెండు కలవు. రెంటిని కలుపు రాగి గొట్టములకు, లోపల చేరిన నీరు వెలుపలికి పోవు సన్నని గొట్టమునకు దారి కావలెను. నీటి గొట్టమునకు వాలు చాలనిచో నీరు గోడలోనికి దిగి, ఆరు నెలలలో క్రొత్త రంగుపై మచ్చలు వేయును. వాలు సరిగా ఉండి, ఆ నీరు పొరుగువారి కిటికీపై పడినచో నిత్యము తగవు. వెలుపలి భాగము గదిలోని వేడిని వీధిలోనికి వదలవలసినది. దానిని నాలుగువైపుల మూసిన సందులో పెట్టినచో తాను వదలిన వేడినే తాను మరల పీల్చును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరనగరములలో ఉప్పుగాలికి వెలుపలి భాగపు రేకులు, మేకులు త్వరగా తినివేయబడును. అట్టిచోట సముద్రపు గాలి నేరుగా తగులని ప్రక్కన స్థానము చూచి, ఆధారపు ఇనుప కమ్ములకు తుప్పుపట్టని పూత వేయింపవలెను. ఇవన్నియు స్వల్పపు ఖర్చులే. కాని యంత్రము కొన్న తరువాత గుర్తుకు వచ్చినచో పెద్ద ఖర్చులగును.

ఇప్పుడు యంత్రము. కొందరు శ్రోతలకు "టన్ను" అను మాటయే సందేహము కలిగించును. అది యంత్రపు బరువు కాదు. 19వ శతాబ్దమున అమెరికాలో శీతకాలమున గడ్డకట్టిన చెరువుల మంచును కోసి, ఓడలపై దూరదేశములకు పంపు వర్తకముండెను. 1833లో బోస్టన్ నుండి కలకత్తాకు అట్టి మంచు దిగినది. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును నిలువ చేయుటకు కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. వివేకానందుడు బస చేసిన కారణమున దానికి ఆయన పేరే పెట్టిరి. ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుచు ఎంత వేడిని గ్రహించునో, అంత వేడిని అదే కాలములో గదినుండి తొలగించు యంత్రమును ఒక టన్ను యంత్రమందురు. అంకెలలో అది గంటకు 12,000 బి.టి.యు.లు, అనగా సుమారు మూడున్నర కిలోవాట్లు.

మోటుగా లెక్కించినచో 120 చదరపుటడుగుల గదికి ఒక టన్ను, 180 చదరపుటడుగుల గదికి టన్నున్నర సరిపోవును. పై అంతస్తునకు, పడమటి గోడ గల గదికి మరికొంత హెచ్చు కావలెను. కప్పునకు తెల్లపూత ముందుగా వేయుమనుటలో ఇదియు ఒక ప్రయోజనము: వేడి తగ్గినకొలది చిన్న యంత్రము చాలును. "పెద్దది పెట్టిన పీడ వదలును" అనుకొనరాదు. మితిమీరిన యంత్రము గదిని త్వరగా చల్లపరచి ఆగిపోవును. గాలిలోని చెమ్మ తొలగుటకు వ్యవధి చాలదు. కోస్తా జిల్లాలలో చల్లగానున్నను ఒడలు జిగటగానుండుటకు ఇది ఒక కారణము.

పాత యంత్రమును ఉంచవలెనా, మరమ్మతు చేయవలెనా, మార్పవలెనా? మొదట దాని వీపునగల రేకుపై తయారైన సంవత్సరమును, అందలి వాయువు పేరును చదువుడు. ఆర్-22 అని యున్నచో అది భూమిని కాపాడు ఓజోను పొరకు హాని చేయునది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ననుసరించి దానిని క్రమముగా తొలగించుచున్నారు. 2025 నుండి మన దేశమున క్రొత్త యంత్రముల తయారీలో దానిని వాడుటకు వీలులేదు. అట్టి యంత్రమునకు వాయువు నింపించుచు పోవుట కుండకు చిల్లి యుండగా నీళ్లు పోయుట వంటిది. ఎనిమిది పది ఏండ్లు దాటిన యంత్రమునకు మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో మూడవవంతును మించినచో మార్చుటయే మేలు. అయిదేండ్ల లోపుదై చక్కగా నడచుచున్నచో శుభ్రపరచి ఉంచుడు, లేదా మీతో తీసికొనిపొండు. పనిచేయని యంత్రము గోడపై ఉండుట మాత్రము ఏ యంత్రమును లేకుండుట కంటె హీనము. ఇల్లు చూడవచ్చినవారు దానిని బట్టి తక్కిన ఇంటిని కూడ అనుమానింతురు.

క్రొత్తది పెట్టదలచినచో ఇంటికంతటికిని పెట్టవలదు. ముఖ్యమైన పడకగదికి ఒకటి పెట్టి, తక్కిన గదులలో తీగ, గొట్టముల దారి సిద్ధముచేసి ఉంచుడు. ఎన్ని నక్షత్రముల యంత్రమన్న ప్రశ్నకు నా సలహా మధ్యమార్గము. హెచ్చు నక్షత్రముల యంత్రము విద్యుత్తును పొదుపుచేయును. కాని ఆ పొదుపు రాబోవు ఏండ్లలో బిల్లు కట్టువారికి చెందును. అమ్మువారికి వెంటనే తిరిగి వచ్చునది కొంతయే. మూడు నక్షత్రములది చాలును. ఐతే ఏ సంవత్సరపు ముద్రయో చూడుడు. ఆ ప్రమాణములను కాలానుగుణముగా కఠినతరము చేయుచున్నారు గనుక నేటి మూడు నక్షత్రములు, పదేండ్ల నాటి మూడు నక్షత్రములు ఒకటి కావు.

కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగరు వంటి పొడి ప్రాంతములందు వేసవిలో ఏర్ కూలరు కూడ చక్కగా పనిచేయును. నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించుటయే దాని మర్మము. గాలి పొడిగా ఉన్నకొలది ఆ పని సులువగును. మచిలీపట్టణములోనో, కాకినాడలోనో గాలి ముందే చెమ్మతో నిండియుండును గనుక కూలరు అచ్చట ఉక్కను పెంచును. మెట్టప్రాంతమున ఇల్లు అమ్మువారు కూలరు పెట్టుటకు కిటికీని, దాని చెంత నీటి కుళాయిని, స్విచ్చిని సిద్ధపరచినచో స్వల్ప వ్యయముతో ఇంటికి ఆకర్షణ చేకూరును.

వేడినీటి సంగతి సంగ్రహముగా చెప్పెదను. 25 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు వేడిచేయుటకు దాదాపు 0.9 యూనిట్ల విద్యుత్తు కావలెను. 2,000 వాట్ల గీజరు అరగంటలోపున ఆ పని చేయును. నాలుగైదుగురు గల సంసారమునకు ఇట్టిది ఒక స్నానపు గదికి ఒకటి చాలును. బోరు నీరు గట్టిగానుండు ప్రాంతములలో తొట్టిలోపల సున్నపు పొర పేరుకొని, వేడి ఆలస్యమై, కడకు తొట్టి కారును. పదేండ్ల గీజరు అడుగున తుప్పు చారలు కనబడినచో మరమ్మతు ఆలోచన మాని మార్పింపుడు. వెల ఎక్కువ కాదు. ఒత్తిడి పెరిగినప్పుడు నీటిని వెలుపలికి వదలు రక్షణ కవాటము పనిచేయుచున్నదో లేదో తప్పక చూపింపుడు. దానిని మూసివేసిన గీజరు ప్రేలు ప్రమాదము కలదు. గాలిపోవు దారి లేని స్నానపు గదిలో గ్యాసు గీజరు ఉన్నచో దానిని అమ్మకమునకు ముందే తొలగింపుడు. అది విడుచు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. స్నానము చేయువారు కేక వేయుటకైన శక్తి లేక ఒరిగిపోవుదురు. డాబాపై సౌరశక్తితో నీరు కాచు పరికరమున్నచో, కారుచున్న గొట్టములను మార్పించి దానిని నిలుపుడు. క్రొత్తగా అమర్చుట మాత్రము అమ్మకము కొరకు అవసరము లేదు.

ఇప్పుడు ఒక పద్దు వ్రాసి చూతము. ఇవి ఉదాహరణకై ఊహించిన అంకెలు. మీ ఊరి ధరలను విచారించి మార్చుకొనుడు. రెండు పడకగదుల, వెయ్యి చదరపుటడుగుల డాబా ఇల్లు. బాగుచేయుటకు మొత్తము ఆరు లక్షల రూపాయలున్నవి. అందులో లక్షన్నరను మొదటనే వేరుచేసి పెట్టుదము. కప్పు బీటలకు, తెల్లపూతకు చదరపుటడుగునకు 25 చొప్పున 25,000. మూడు ఏ.సి. స్థానములకు, రెండు గీజర్లకు వేరు తీగలు, పంపిణీ పెట్టె, ఎర్తింగు, భారపు పెంపు రుసుముతో 40,000. గొట్టముల దారులకు, ఇనుప ఆధారములకు 10,000. ముఖ్యపు పడకగదికి టన్నున్నర యంత్రము బిగింపుతో 42,000. రెండవ గదిలోని మంచి స్థితిలోనున్న యంత్రమును శుభ్రపరచుటకు 3,000. ఒక క్రొత్త గీజరునకు 10,000. కూడగా 1,30,000. మిగిలిన 20,000 చేతిలో ఉంచుకొనవలెను. పాత గోడ చీల్చినప్పుడు ఏమి బయటపడునో మేస్త్రికి కూడ తెలియదు. ఈ నిలువను వంటింటి గట్టునకు నల్లరాయి మార్చుటకు వాడరాదు. తీగలపని పూర్తియై, పరీక్షయై, సొమ్ము మిగిలినప్పుడే అది రంగులవారికి చెందును.

సొమ్ము ఇంకను తక్కువైనచో ఏమి తగ్గింపవలెను? క్రింది నుండి పైకి తగ్గింపుడు. మొదట క్రొత్త యంత్రమును మానుడు, 42,000 మిగులును. తీగల 40,000 మాత్రము ముట్టుకొనవలదు. "ఏ.సి. లేదు, కాని మూడు గదులలోను స్థానములు సిద్ధముగా ఉన్నవి, ఇదిగో తీగల బిల్లు" అని చెప్పగల ఇంటికి, క్రొత్త యంత్రము పాత తీగకు వ్రేలాడు ఇంటికి గల భేదమును నేటి కొనుగోలుదారులు గ్రహింపగలరు.

కాలమును గూర్చి ఒక మాట. ఈ పనులను నవంబరు నుండి జనవరి లోపల చేయించుట అన్నివిధముల మేలు. వేసవి వచ్చినచో యంత్రములు బిగించువారు దొరకరు. దొరికినను తొందరలో బిగించి పోవుదురు. 2025 సెప్టెంబరు 22 నుండి ఏ.సి. యంత్రములపై వస్తుసేవల పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది గనుక, అంతకుముందటి ధరలను మనస్సున పెట్టుకొని పద్దు వ్రాయవలదు. ప్రతి పనికిని రసీదు తీసికొనుడు. ఇల్లు అమ్మగా వచ్చిన లాభముపై ఆదాయపు పన్ను లెక్కించునప్పుడు, ఇంటికి శాశ్వతమగు అభివృద్ధి కలిగించిన ఖర్చును తగ్గించుకొను అవకాశము కలదు. సాధారణపు మరమ్మతులకు అది వర్తింపదు. ఏది ఏ కోవకు చెందునో మీ ఆడిటరు నిర్ణయించును. కాని రసీదు లేనిదానిని ఆయనయు నిర్ణయింపలేడు.

చివరిది, ఒప్పందపు కాగితము. ఆస్తి బదిలీ చట్టము 8వ సెక్షను ప్రకారము ఇంటితోపాటు తాళములు, తలుపులు, కిటికీలు, ఇంటి శాశ్వతోపయోగమునకై అమర్చిన ఇతర వస్తువులు కొనువారికి చెందును. గోడకు బిగించిన ఏ.సి. యంత్రము ఆ వస్తువులలోనిదా, కాదా యని తరువాత తగవులాడుకొనుట కంటె, ఏవి ఇంటితో పోవునో, ఏవి మీతో వచ్చునో వరుసగా వ్రాసి ఉభయులును సంతకము చేయుట సుఖము. యంత్రపు హామీ పత్రమును, తీగల మార్గమును చూపు చిన్న పటమును ఆ కాగితముతో చేర్చి ఇచ్చినచో, మేకు కొట్టవలసి వచ్చినప్పుడు ఏ గోడలో తీగ కలదో క్రొత్తవారికి తెలియును.

మనము విడిచిపోవు ఇంటిలో మరునాటినుండి వేరొకరి పిల్లలు నిద్రింతురు. గోడ రంగు నచ్చనిచో వారు మార్చుకొందురు. యంత్రము నచ్చనిచో వేరొకటి తెచ్చుకొందురు. గోడలోని తీగను మాత్రము మనలను నమ్మియే తీసికొందురు. పద్దు వ్రాయుటకు కూర్చున్నప్పుడు కాగితముపై మొదటి పంక్తి ఆ తీగలకు, వాని పైనున్న కప్పునకు కేటాయించుడు. రంగుల లెక్క ఆ తరువాత వ్రాసికొనవచ్చును.